పదకొండో ఫారం

జనవరి 30

మరిదికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరంలో మంచిమాట ఇదొక్కటే. తక్కినదంతా పని.

మీ అన్నయ్య ఈ నెల తొమ్మిదో తేదీ ఉదయం ఏడూ పదికి స్నానాల గది గడప దగ్గర జారిపడ్డారు. ఆ గడప నాలుగు అంగుళాల ఎత్తు. చలికాలానికని మేము ఈ దేశం వస్తున్న ఐదేళ్ళుగా రోజూ దాటుతున్నదే. కుడి తుంటి విరిగింది, పదకొండున ఆపరేషన్ చేశారు. ఇంతవరకు నీకు ఫోన్లో చెప్పాను. చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న ఆసుపత్రి బిల్లుల కౌంటరు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ కూర్చునే ఆవిడ తన పెన్నును ఎవరూ పట్టుకుపోకుండా దానికి ఒక ప్లాస్టిక్ పువ్వు కట్టుకుంది. ఆ పువ్వు ఊపుతూ, మీ బీమా కంపెనీ ఈ ఖర్చు భరించదట అని చెప్పి ఒక కాగితం నా ముందుకు తోసింది. దరఖాస్తులో పదిహేడో ప్రశ్న: షుగరు జబ్బు ఉందా? జవాబు: లేదు. పద్దెనిమిదో ప్రశ్న: గుండెకు ఎప్పుడైనా చికిత్స జరిగిందా? జవాబు: లేదు. నిజం దాచారు కాబట్టి క్లెయిము చెల్లదు, పాలసీయే చెల్లదు అని రాశారు.

మీ అన్నయ్యకు పన్నెండేళ్ళుగా షుగరు. గుండెలో స్టెంటు వేసి ఆరేళ్ళు దాటింది. ఆ రోజు ఆపరేషన్ థియేటరు బయట నా పక్కన కూర్చుని, వచ్చే పోయే నర్సులను నవ్వించింది నువ్వే. కాబట్టి తెలియదని మాత్రం రాయకు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి మందుల గిడ్డంగిలో లెక్కలు చూశాను. ఒక మాత్ర తక్కువైతే అది ఎవరి చేతిలో తక్కువైందో తేలేదాకా ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. ఈ ఫారం ఒక్కటే నా చేతికి రాలేదు. లెక్కల పరీక్షకు మనవరాలిని కూర్చోబెట్టి చదివించడానికి నేను అమ్మాయి ఇంట్లో ఉన్న ఆ పది రోజుల్లో మీరిద్దరూ నీ బీమా ఏజెంటు ఆఫీసు నుంచి నింపి పంపేశారు. నేను వచ్చేసరికి పాలసీ కార్డు బల్ల మీద ఉంది. "చూశావా, ప్రీమియం నువ్వు పెట్టిన హద్దులోనే వచ్చింది" అన్నారు మీ అన్నయ్య.

ఇప్పుడు నీకు నావి రెండే ప్రశ్నలు. ఆ రెండు 'లేదు'లు పెట్టింది ఎవరు? ఎందుకు?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు నన్ను నవ్విస్తావు. కాగితం మీద రాయి. దీనికి బాధ్యుడెవరో, వాడిని నేను వదలను.

వదిన


ఫిబ్రవరి 8

పూజ్యులైన వదినకు,

మీ సర్దుబాటు మరిది నమస్కారాలు. (ఏదడిగినా 'సర్దేద్దాం' అంటానని ఆ పేరు మీరే పెట్టారు. ఇప్పుడు ఆఫీసు మెట్ల కింది దర్జీ కూడా 'సర్దుబాటుగారూ' అనే పిలుస్తున్నాడు. పురస్కారం ఇచ్చినవారికి ధన్యవాదాలు.)

ఉత్తరం చదివి నా రక్తం ఉడికిపోయింది వదినా. తుంటి ఎముకకూ షుగరుకూ సంబంధం ఏమిటండీ? మూలుగలో పాకం పోసుకున్నామా? ప్రీమియం తీసుకునేటప్పుడు అల్లుడికి చేసినట్టు మర్యాదలు, ఇవ్వాల్సి వచ్చేసరికి 'మీరెవరు' అని అడగడం! మీరు అన్నది అక్షరాలా నిజం. వదలొద్దు. కంపెనీ మెడ పట్టుకుని కూర్చోండి. మీ చేతికి దొరికినవాడు బయటపడ్డట్టు నేనింతవరకు వినలేదు.

అప్పట్లో మీకు మూడు దారులు చెప్పాను, గుర్తుందా? మొదటిది ప్రయాణాల పాలసీ. చవక. కానీ ఒక్క విడతలో తొంభై రోజులకు మించి ఉంటే పనికిరాదు, పడితే లేపుతుంది కానీ పాత జబ్బు వైపు చూడదు. రెండోది, ఏడాదిలో సగం పరాయి దేశంలో ఉండేవాళ్ళకని చేసిన పూర్తి పాలసీ. మూడోది ఆ దేశంవాళ్ళ సొంత పథకం. అది అక్కడే కాపురం ఉన్నట్టు రుజువు చూపిస్తే గానీ ఇవ్వరు. మీరు ఉండేది ఆరు నెలలు, కాబట్టి రెండోదే సరైనదన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

ఇక ఆ 'లేదు' సంగతి. ఎక్కడో పొరపాటు జరిగింది. ఫారం నింపింది నేను, కంప్యూటర్లో గడి నొక్కింది నా వేలు, అంతవరకు ఒప్పుకుంటాను. ఒక్క మనవి. దీని గురించి అన్నయ్యను ఏమీ అడగకండి. ఆపరేషన్ అయిన మనిషి, మనసు కష్టపెట్టకూడదు. ఏమన్నా ఉంటే నన్ను అడగండి, తిట్టండి. నాకు అలవాటే.

మీ తోడికోడలు అన్నయ్యకు మెత్తటి చెప్పులు పంపిస్తానంటోంది. కాలి కొలత రాయండి.

మీ
సర్దుబాటు


ఫిబ్రవరి 17

మరిదికి,

నీ ఉత్తరం మూడు పేజీలు. అందులో నా ప్రశ్నలకు జవాబు ఒకటిన్నర వాక్యం. తక్కినది వినోదం.

కాలి కొలత తొమ్మిది. చెప్పులు ఒక జత చాలు.

నడక నేర్పే కేంద్రంలో మీ అన్నయ్యను మూడు వారాలు ఉంచాలన్నారు. చెల్లించేవాళ్ళు లేరని తేలాక నాలుగో రోజున చక్రాల కుర్చీలో తెచ్చి మా వాకిట్లో దింపి, కుర్చీ వెనక్కి పట్టుకుపోయారు. వాళ్ళది తప్పనడం లేదు. ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. మా తలుపు నుంచి లిఫ్టు దాకా నడవా ఆయన అడుగుల్లో నలభై ఒకటి. నిన్న ఏడు వేశారు. ఎనిమిదో దానికి గోడ పట్టుకుని "ఇక చాలు" అన్నారు. చాలో చాలదో నేను చెబుతానన్నాను.

మాట తగ్గించేశారు. వార్తలు చదివి వినిపించినా ఊ అనరు. నా మొహం చూడకుండా కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంటారు. ఎముక విరిగితే నోరు కూడా పడిపోతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నువ్వన్నట్టే నేను ఏమీ అడగలేదు. నువ్వు ఎందుకు అడగొద్దన్నావో మాత్రం నాకు తెలుసు.

ఇక్కడ ఒక సంగతి. మా భవనంలో సగానికి పైగా మావంటివాళ్ళే. ఎండాకాలం ఒక దేశం, చలికాలం ఇంకో దేశం, అల్మారాలో రెండు రకాల బట్టలు. మా సంగతి విన్నాక ఎవరికి వాళ్ళు పాలసీ కాగితాలు పట్టుకుని మా తలుపు కొడుతున్నారు. అందుకని బుధవారం బుధవారం బట్టలుతికే మిషన్ల గదిలో తరగతి పెట్టాను. ఆ గదిలో నాలుగు మిషన్లు, ఆరు కుర్చీలు. కుర్చీ దొరకనివాళ్ళు మిషన్ల మీద కూర్చుంటున్నారు. పాలసీ ఎలా చదవాలో నేర్పుతున్నాను. మొదటి పాఠం: వెనక పేజీ నుంచి మొదలుపెట్టాలి.

నువ్వు ఈ ఊళ్ళో ఎవరెవరికి పాలసీలు ఇచ్చావో ఆ జాబితా పంపు. వాళ్ళందరితో నేను స్వయంగా మాట్లాడదలిచాను. నువ్వు ఫారాలు నింపే పద్ధతి ఏమిటో కూడా వివరంగా రాయి. అడిగినవాళ్ళకు నేను చెప్పగలగాలి.

బాధ్యుడిని వదలను అన్న మాట మీద ఉన్నాను.

వదిన


ఫిబ్రవరి 26

వదినమ్మకు వంద దండాలు!

ఉత్తరం భయపడుతూనే విప్పాను. చదివాక నిలువునా ఎగిరాను. నా మీద కోపం పెట్టుకుని కూడా నా ఖాతాదారులను కూర్చోబెట్టుకుని పాఠాలు చెబుతున్నారంటే, మా వదిన మనసు వెన్న అని నేనెప్పుడూ అనే మాట నిజమైంది. (మీ తోడికోడలు 'వెన్న కాదు, ఫ్రిజ్జులో పెట్టిన వెన్న' అంటోంది. పట్టించుకోకండి.)

ఇదిగో జాబితా. అన్నయ్యను కలపకుండా పది ఫారాలు. రెండో అంతస్తులో రైలు డ్రైవరుగారు. పక్క భవనంలో కళ్ళజోళ్ళ షాపాయన, ఆయన భార్య. బట్టలు కుట్టే అక్కచెల్లెళ్ళిద్దరు. మేనేజరు గారని అందరూ పిలిచే బ్యాంకాయన, ఆయన బావమరిది. తక్కిన ముగ్గురి చిరునామాలు వెనక రాశాను.

ఇక నా పద్ధతి. వదినా, ఇది నేను ఎవరికీ చెప్పని వృత్తి రహస్యం, మీకు కాబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్ళను నేను జబ్బుల గురించి అడగను. నా కన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన్ను ఎదురుగా కూర్చోబెట్టి, 'అయ్యా, మీకు మూలశంక ఉందా, పక్క తడుపుతారా' అని అడగమంటారా? అది మర్యాదేనా? అడిగామా, మనసు చివుక్కుమంటుంది. మర్నాడు ఇంకో ఏజెంటు దగ్గరికి పోతారు. అందుకని మంచినీళ్ళిచ్చి, పిల్లల సంగతులు అడిగి, సంతకం చేయించుకుని పంపిస్తాను. వాళ్ళు మెట్లు దిగాక జబ్బుల పేజీ తీసి అన్నిటికీ 'లేదు' పెడతాను. నూటికి తొంభై మందికి క్లెయిము అవసరమే రాదు. వస్తే అప్పుడు సర్దుకోవచ్చు. ఇన్నేళ్ళలో ఒక్కరూ నా ఆఫీసు నుంచి చిన్నబుచ్చుకుని వెళ్ళలేదు. అదీ నా పేరు.

ఒక చిన్న కోరిక. మార్చి నెలాఖరుకు నా లైసెన్సు గడువు తీరుతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఖాతాదారుల అభిప్రాయ పత్రాలు కావాలంటున్నారు. ఎవరో ఒకరు రాసిన దానికన్నా, మీవంటి చదువుకున్న మనిషి, నిక్కచ్చి మనిషి రాస్తే అక్షరం అక్షరానికీ విలువ. లైసెన్సు ఆఫీసు చిరునామా జతచేస్తున్నాను. నాలుగు మాటలు రాసి పడెయ్యండి.

అన్నయ్య ఎన్ని అడుగులు వేస్తున్నారు?

మీ ముద్దుల మరిది
సర్దుబాటు


మార్చి 8

మరిదికి,

అడుగులు పంతొమ్మిది.

చెప్పులు వచ్చాయి. ఎడమది కాస్త వదులు.

నువ్వు జాబితాలో రాసిన పదిమందినీ పోయిన బుధవారం తరగతికి పిలిచాను, అందరూ వచ్చారు. నువ్వు నింపిన ఫారాలు ఎవరివి వాళ్ళు పైకి చదివారు. చదవడం అయ్యాక నోట మాట రాక కాసేపు అలాగే కూర్చుండిపోయారు. నీ గురించి ఇంత వివరంగా వాళ్ళకు ఇంతకు ముందు తెలియదట.

నువ్వు కోరిన అభిప్రాయ పత్రం మూడో తేదీన రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగు మాటలు అడిగావు, నాలుగు పేజీలు రాశాను. నీ పద్ధతి నా మాటల్లో చెబితే పలచబడుతుందని, నీ ఫిబ్రవరి 26 ఉత్తరం నకలు కూడా జతచేశాను. పదిమందీ సంతకాలు పెట్టారు. నాతో పదకొండు. మీ అన్నయ్య పెట్టలేదు.

ఆ పత్రంలో ఒక్క అబద్ధం లేదు. ఒక్క అతిశయోక్తి లేదు. రెండుసార్లు సరిచూశాను.

వదిన


మార్చి 17

మా ఇంటి దేవతకు,

వదినా, నాలుగు పేజీలా! మా పెళ్ళి సంబంధానికి కూడా మీరు నా గురించి ఒక పేజీ దాటించలేదు. 'కుర్రవాడు చెడ్డవాడు కాడు' అని రాశారు, నాకు గుర్తుంది. ఆ రోజుల నుంచి ఈ రోజుకు నా స్థాయి నాలుగు పేజీలకు పెరిగిందంటే కళ్ళు చెమరుస్తున్నాయి. నా ఉత్తరం కూడా జతచేశారట! అక్కడ అంతా లెక్కల మనుషులు. మర్యాద అంటే ఏమిటో వాళ్ళూ తెలుసుకుంటారు.

పదిమందికీ నోట మాట రాలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. వాళ్ళు నన్ను కన్నకొడుకులా చూసుకుంటారు.

ఆఫీసు బోర్డు పాతబడిందని కొత్తది చేయిస్తున్నాను. నీలం మీద తెల్ల అక్షరాలు. దర్జీ తన షాపు ముందు గోడ కూడా వాడుకోమన్నాడు. మీ తోడికోడలు మాత్రం మీ ఉత్తరం రెండుసార్లు చదివి, 'అక్కయ్య మెచ్చుకున్నట్టు ఇందులో ఎక్కడుంది, చూపించు' అంటోంది. ఆడవాళ్ళకు ఆడవాళ్ళ మంచి కనపడదు.

ఒక్క మాట మాత్రం మనసులో మెదులుతోంది. అన్నయ్య సంతకం పెట్టలేదన్నారు. ఎందుకు పెట్టలేదు? ఆయన ఏమన్నారు? ఆయనను మీరు ఏమీ అడగలేదు కదా? అడగలేదనే అనుకుంటాను. అడగొద్దు.

కృతజ్ఞతలతో
మీ సర్దుబాటు


మార్చి 26

మరిదికి,

ఈ ఉత్తరం అందేసరికి లైసెన్సు ఆఫీసు నోటీసు నీకు అందే ఉంటుంది. నాకూ నకలు వచ్చింది. విచారణ ఏప్రిల్ పద్నాలుగున, ఉదయం పదకొండుకు. కొత్త బోర్డు పనివాణ్ణి ఆపు. నీలం రంగు అనవసరంగా ఆరబెట్టొద్దు.

మొదటి ఉత్తరంలోనే రాశాను, బాధ్యుడిని వదలనని. నువ్వు దాన్ని కంపెనీకి అన్వయించుకుని నన్ను ఎగదోశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూశాను కానీ, దొంగను పట్టుకోండని చప్పట్లు కొట్టి, తన చిరునామా తనే రాసిచ్చినవాణ్ణి నిన్నే చూశాను.

ఆ బుధవారం ఏం జరిగిందో ఇప్పుడు పూర్తిగా చెబుతాను, విను. రైలు డ్రైవరుగారు మొదట లేచారు. ఫారం చేతికి దూరంగా పట్టుకుని స్టేషన్లో ప్రకటనలా చదివారు. "గుండెపోటు ఎప్పుడైనా వచ్చిందా? లేదు." అందరూ నవ్వారు. ఆయనకు రెండుసార్లు వచ్చింది, రెండోసారి ఇంజనులోనే. ఆయన కూడా నవ్వి, "అబ్బాయి నన్ను కుర్రాణ్ణి చేశాడండీ" అన్నారు. తరువాత కళ్ళజోళ్ళాయన చదివారు. "మూత్రపిండాల జబ్బు? లేదు." ఆయనకు ఉన్నది ఒకటే, రెండోది తీసేసి తొమ్మిదేళ్ళయింది. ఈసారి సగం మందే నవ్వారు. కుట్టుపని చేసే అక్కయ్య వంతు వచ్చేసరికి ఆవిడ చదవలేదు. కాగితం చెల్లెలికిచ్చి, "నాకు పోయిన ఏడు రొమ్ముకు ఆపరేషన్ అయింది కదమ్మా, ఇందులో ఉందేమో చూడు" అంది. చెల్లెలు చూసింది. "లేదక్కా" అంది. గదిలో ఒక మిషన్ తిరిగి తిరిగి ఆగింది.

"మరి మేము కట్టిన డబ్బు దేనికండీ?" అని బ్యాంకాయన నన్ను అడిగారు. నీ మర్యాదకు అన్నాను.

నువ్వు అడగనిది వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని కాదు. నీకు బేరం పోతుందని. పెద్దవాళ్ళ మీద గౌరవం అని దానికి పేరు పెట్టుకున్నావు. నా భర్తను నాలుగో రోజున వాకిట్లో దింపి కుర్చీ పట్టుకుపోయినప్పుడు ఆ గౌరవం ఎక్కడుంది? ఆయన నలభై ఒక్క అడుగుల నడవాలో గోడ పట్టుకుని నిలబడితే వెనక నేను నిలబడుతున్నాను, నువ్వు కాదు.

ఏడో తరగతిలో నీకు లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. మామగారు చూస్తే చర్మం వలుస్తారని, పెళ్ళై వచ్చి నాలుగు నెలలు కాని నేను ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన బదులు సంతకం పెట్టాను. "ఈసారికి సర్దండి వదినా" అన్నావు. నేను చేసిన సర్దుబాటు అదొక్కటే. నిన్ను ఇలా తయారుచేసింది అదేనని ఇప్పుడు తెలుస్తోంది. ఆ సంతకాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మీ అన్నయ్య ఎందుకు పెట్టలేదని అడిగావు. పెన్ను ఇస్తే చెయ్యి వణుకుతోందన్నారు. అడుగులు ఇరవై ఎనిమిది.

నీ లైసెన్సు పోయేదాకా నాకు నిద్ర పట్టదు.

వదిన


ఏప్రిల్ 16

వదినకు నమస్కారం.

విచారణ అయింది. గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆవిడ మీలాగే ఎర్ర సిరా పెన్ను పట్టుకుంది. నా ఉత్తరం నాకే ఇచ్చి చదవమంది. మూలశంక మాట దగ్గర చదవడం ఆపేశాను. మీకు రాసినప్పుడు అది బాగానే ఉంది.

రెండేళ్ళు లైసెన్సు రద్దు చేశారు. ఒక్కొక్క ఫారం చూపించి, ఇందులో 'లేదు' అని పెట్టింది నువ్వేనా అని అడిగారు. అవునన్నాను. పదకొండో ఫారం అన్నయ్యది. అదీ నేనేనన్నాను. ఖాతాదారు పెట్టమంటే పెట్టావా, నీ అంతట నువ్వా అని రెండుసార్లు అడిగారు. నా అంతట నేనే అన్నాను. మీకు ఇంకా ఏమైనా అనుమానం ఉంటే ఇది నా వాంగ్మూలం అనుకోండి. అందరివీ నేనే. అన్నయ్యకు దీనితో సంబంధం లేదు.

కుట్టుపని అక్కయ్యగారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రాదు.

బోర్డు దింపేశాను. దర్జీ తన షాపులో రసీదులు రాసే పని ఇచ్చాడు. కొలతలు కూడా తీసుకోమంటున్నాడు. మొదటి రోజే ఒక పెద్దాయన నడుము కొలిచి, టేపు చూపించిన అంకె పైకే చదివాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నేను సర్దలేదు.

అన్నయ్య ఎన్ని అడుగులు వేస్తున్నారో రాయండి. అది ఒక్కటీ రాస్తే చాలు.

మరిది


ఏప్రిల్ 25

మరిదికి,

నీ ఉత్తరం కవరు రెండుసార్లు అతికించి ఉంది. మొదటిసారి నువ్వు, నాలికతో. రెండోసారి జిగురుతో, అంచు వెంబడి నీటుగా. అది మీ ఇంట్లో నీ పని కాదు. లోపల నీ కాగితం వెనక ఇంకో కాగితం ఉంది. నువ్వు పెట్టలేదని తెలుసు. నీ భార్యను ఏమీ అనకు. ఆ ఇంట్లో చదవడం వచ్చినది ఆ పిల్ల ఒక్కతే.

అది మీ అన్నయ్య చేతిరాత. తేదీ, నేను అమ్మాయి ఇంట్లో ఉన్న పది రోజుల్లో ఆరోది. ఒక్క మాటా మార్చకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను, నీ దగ్గర నకలు ఉండాలి కదా.

"తమ్ముడూ, నువ్వు గుచ్చి గుచ్చి అడిగావు కాబట్టి రాస్తున్నాను. పదిహేడుకు 'లేదు' పెట్టు, పద్దెనిమిదికీ 'లేదు' పెట్టు. ఉందని పెడితే ప్రీమియం రెట్టింపవుతుందని నువ్వే అన్నావు. మీ వదిన ఖర్చుల పుస్తకంలో ఎర్ర గీత గీసింది. అది దాటితే ఈ చలికాలం ప్రయాణం లేదు, ఇక్కడే కంబళి కప్పుకుని దగ్గుతూ పడి ఉండాలి. నాకు ఆ కిటికీ కావాలిరా. వద్దని ఎంత చెప్పాలో అంతా చెప్పావు, ఇక చెప్పకు. పెద్దవాణ్ణి అడుగుతున్నాను. మీ వదినకు మాత్రం చెప్పకు. తెలిస్తే నేను బతికుండగానే ఆడిట్ చేస్తుంది."

మూడు నెలలుగా ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చుంటే నేను ఎముక నొప్పి అనుకున్నాను. అన్నయ్యను అడగొద్దని నువ్వు మళ్ళీ మళ్ళీ రాస్తే, నీ గుట్టు దాచుకుంటున్నావనుకున్నాను. పదకొండు ఫారాల్లో నువ్వు నోరు తెరిచి అడిగింది ఒక్క దాంట్లోనే. నేను నిన్ను పట్టుకున్నది ఆ ఒక్కదానికే.

లెక్క తప్పింది. నా ఉద్యోగంలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

నిన్న లైసెన్సు ఆఫీసుకు సవరణ పంపాను, చీటీ నకలుతో సహా. పదకొండు కాదు, పది అని రాశాను. పదింటికి రెండేళ్ళు సరైన శిక్షే, తగ్గించమని అడగలేదు. రెండేళ్ళయ్యాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకో. అభిప్రాయ పత్రం కావాలంటే రాస్తాను. అడిగే ముందు ఆలోచించుకో.

ఇక్కడ సంగతులు. పదిమందీ తమ జబ్బులు కంపెనీకి తామే రాసి పంపారు. ఏడుగురికి ప్రీమియం పెరిగింది. కుట్టుపని అక్కయ్య ఈ దేశంలోనే ఉండిపోయి వీళ్ళ సొంత పథకంలో చేరతానంటోంది, చెల్లెలు ఏడుస్తోంది. రైలు డ్రైవరుగారి పాలసీ రద్దు చేశారు. లిఫ్టులో నన్ను చూసి, "మీ న్యాయం బాగుందమ్మా, నా గుండె మాత్రం వీధిలో పడింది" అని ఒక అంతస్తు ముందే దిగిపోయారు. ఆయన ఉండేది రెండో అంతస్తు. మొదటి దాంట్లో దిగి మెట్లెక్కారు, రెండు గుండెపోట్ల మనిషి. అదీ రాసుకున్నాను.

ఎర్ర గీత నా పుస్తకంలో అలాగే ఉంది. గీసింది నేనే. దాటితే ఏమవుతుందో అడగడానికి కట్టుకున్న మనిషే భయపడ్డాడంటే, అది ఎవరి పేరు కింద రాయాలో ఇంకా తేల్చలేదు. తేలుస్తాను.

మీ అన్నయ్యకు చీటీ దొరికినట్టు తెలియదు. నా పుస్తకంలో, ఆ గీత ఉన్న పేజీలోనే పెట్టాను. ఆ కాగితం చదివి వినిపిస్తే ఆయన మొహం ఎలా మారుతుందో రోజుకు రెండుసార్లు ఊహించుకుంటున్నాను. కానీ మంచం పట్టిన మనిషి మీద పగ తీర్చుకోవడం నా పద్ధతి కాదు. ఎదుటివాడికి పారిపోవడానికి కాళ్ళుండాలి. వాకర్ తీసేసిన రోజున, లిఫ్టు దగ్గర నిలబెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతాను.

అందుకని ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపిస్తున్నాను. నిన్న లిఫ్టు దాకా వచ్చారు. నలభై ఒకటీ పూర్తయ్యాయి. అక్కడ నా చెయ్యి పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, "నువ్వు లేకపోతే నేను మళ్ళీ లేచేవాణ్ణి కాదు" అన్నారు.

"మాటలు తరువాత. ఇంకో పది" అన్నాను.

యాభై ఒకటి. నువ్వు అడిగావు కాబట్టి రాశాను.

వదిన